రాయి మోసిన పల్లకి

కుంభగిరి రాజ్యంలో రాజులు చచ్చిపోగా ఎవరూ చూడలేదు. ముగ్గురు పల్లకి ఎక్కారు. ముగ్గురూ దిగలేదు. జనానికి తెలిసింది అంతవరకే.

మొదట పోయినవాడు ఉగ్రసేనుడు. తర్వాత అతని పెద్దకొడుకు విమలసేనుడు. ఆ తర్వాత చిన్నకొడుకు రుద్రసేనుడు. ఆ వంశంలో పట్టాభిషేకం ఎత్తుకోటలోనే జరగాలి. రాజధాని నుంచి ఎత్తుకోటకు మూగలోయ మీదుగా తప్ప వేరే దారి లేదు. ముగ్గురూ ఆ దారినే బయలుదేరారు. ఎత్తుకోట వాకిట పల్లకి దించి, తెర తీసి చూస్తే, మూడుసార్లూ లోపల పసుపు పూసిన నల్లరాయి ఉంది.

బోయీలను కట్టేసి కొట్టారు. కొట్టినప్పుడల్లా వాళ్లు ఒకటే మాట చెప్పారు.

"దారిలో బరువు తగ్గల్యా దొరా. మనిషిని ఎవరన్నా ఎత్తుకపోతే మా భుజానికి తెలీదా?"

బోయీ తెర ఎత్తి చూడడు. అది వాళ్ల కట్టుబాటు. లోపలివాడు నిద్రపోతున్నాడా, ఏడుస్తున్నాడా, ఏ పక్కకు ఒరిగాడు అన్నది భుజమే చెప్పాలి. బోయీ నోరు అబద్ధం ఆడినా భుజం ఆడదని లోకం నమ్మిక. బరువు తగ్గలేదు కాబట్టి రాజును ఎవరూ ఎత్తుకుపోలేదు. ఎత్తుకుపోలేదు కాబట్టి రాజే రాయి అయ్యాడు. రాజగురువు భస్మాక్షుడు అలా తేల్చాడు. మూడు రాళ్లకూ తలపాగాలు చుట్టి సభలో కూర్చోబెట్టాడు. రోజూ వాటికి చెవి ఆనించి విని, రాజాజ్ఞ ఇదీ అని చెప్పేవాడు. పన్నులు తగ్గించమని ఆ రాళ్లు ఒక్కనాడూ చెప్పలేదు.

ముగ్గురు రాజుల కాలంలోనూ భస్మాక్షుడి గడ్డం ఒకే నలుపు. చూసినవాళ్లు చూశారు. మాట్లాడినవాళ్లు లేరు.

ఇప్పుడు వంతు రుద్రసేనుడి ఒక్కగానొక్క కూతురు తరళది. పల్లకి ఎక్కనంటే సింహాసనం గురువుకు పోతుంది. ఎక్కితే సభలో నాలుగో రాయి లేస్తుంది.

ఆమె పల్లకి ఆ పొద్దున బయలుదేరింది.

* * *

మూగలోయ మండువేసవిలో కూడా చల్లగా ఉంటుంది. రెండు పక్కలా చరియలు ఏనుగుల బారు మోకాళ్ల మీద కూర్చున్నట్టు వంగి ఉంటాయి. వాటి నడుమ ఆకాశం ఆరేసిన నీలిచీర అంచంత సన్నంగా కనబడుతుంది. పొగడపూలు రాలి దారంతా పాన్పు పరిచినట్టుంటుంది. తేనెపట్లు గుమ్మడికాయల్లా వేలాడుతుంటాయి. పైనుంచి జారే నీటిధారలో ఎండ పడ్డచోట వెండితీగలు, నీడ పడ్డచోట నల్లపూసలు. ఇంత ఉన్నా తేనెటీగ రొద వినబడదు. నీళ్లు పడే చోట నురగ లేస్తుంది, చప్పుడు లేవదు. ఆ కొండరాయికి శబ్దాన్ని తాగే గుణం ఉంది. పక్కవాడి మాట పక్కవాడికే అందుతుంది. నాలుగు బారలు దాటితే అందదు.

అందుకే వెనక నల్లగుర్రం మీద వస్తున్న భస్మాక్షుడికి బోయీల మాటలు వినబడలేదు.

"ఏమిరా అల్లుడూ, నిద్రపోతాండావా?" పల్లకి కర్ర ముందుకొమ్ము మోస్తున్న పోతుబోయి తల తిప్పకుండా అడిగాడు. బోయీలందరికీ పెద్ద అతడే. రుద్రసేనుణ్ణి మోసినవాడూ అతడే. ఆనాటి దెబ్బల మచ్చలు వీపు మీద ఇంకా ఉన్నాయి.

"ఈ కమ్మలు చెవులు తెంపుతాండాయి మామా. ఆడోళ్లు ఎట్ల మోస్తారో ఏమో," అని తెర వెనక నుంచి మైలారుడు అన్నాడు. పోతుబోయి మేనల్లుడు. కొమ్ము కింద పెరిగిన మనిషి. ఇవాళ మీసం మీద ముసుగు కప్పుకుని, తరళ చీర కట్టుకుని, లోపల కాళ్లు ముడుచుకుని కూర్చున్నాడు.

"నిన్ను మేము మోయడంల్యా? అట్లే," అన్నాడు వెనకకొమ్ము కాటయ్య. "ఆ తల్లి కూర్చోనుంటే పూలబుట్ట మోసినట్టుండు. నువ్వు సంకటి తిని తిని గానుగరాయి అయినావు."

"అదే కదా మనకు కావాల్సింది," అన్నాడు మైలారుడు.

పల్లకి పక్కన నీళ్లతిత్తి భుజాన వేసుకుని మొహానికి మసి పూసుకున్న కొత్త బోయీ ఒకడు నడుస్తున్నాడు. పోతుబోయి భటులకు కనబడేలా చెయ్యి ఊపి అరిచాడు.

"ఒరేయ్ కొత్తోడా! తిత్తి కారుతాంది, మూతి బిగించు!" ఆ వెంటనే గొంతు దించాడు. "తప్పైంది తల్లీ."

"తప్పు లేదు పోతన్నా," అంది తరళ. "ఇంకాస్త గట్టిగా తిట్టు. కుడిపక్క భటుడు నా పాదాలు చూస్తున్నాడు."

"దున్నపోతా! బురద తొక్కుకుంటా నడవరా!"

తరళ పక్కనున్న బురదలో కాళ్లు పెట్టి నడిచింది. భటుడు చూపు తిప్పుకున్నాడు.

ఈ ఏర్పాటు మైలారుడిది. దీనికి మూలం పోతుబోయి నోట వచ్చిన ఒక పాత మాట. రుద్రసేనుడు పల్లకి ఎక్కే ముందు నెలరోజులు జ్వరంతో పడి లేచాడు. ఎముకలు తేలి ఉన్నాడు. దారిలోని కన్నులమ్మ గుడి దాకా పల్లకి తేలిగ్గా వచ్చిందనీ, గుడి దాటాక భుజం కుంగిందనీ, అది అమ్మవారి చూపు బరువనీ పోతుబోయి ఎన్నోసార్లు చెప్పాడు. మైలారుడు చిన్నప్పటి నుంచీ విన్నాడు. ఈమధ్య ఒకనాడు సభామండపంలో ఏటేటా బెల్లంతో రాజకుటుంబానికి చేసే తులాభారం తరళకు జరుగుతుంటే చూస్తూ నిలబడ్డాడు. తూకానికి తరళ ఒక తట్టలో, బెల్లం ఒక తట్టలో. పక్కన ముహూర్తం పెట్టించినవాడు భస్మాక్షుడు. జ్వరానికి ముందు రుద్రసేనుడు తూగిన తూకానికి రాయి చెక్కించి పెట్టుకున్నవాడికి, జ్వరంలో ఆయన చిక్కిపోతాడని ఏం తెలుసు?

ఆ సంగతి మైలారుడు మామకు చెప్పినప్పుడు పోతుబోయి తన భుజం తడుముకున్నాడు. తర్వాత, "నా భుజం నిజమే చెప్పినాది. నాకే వినపడల్యా," అన్నాడు.

రాయి ఎక్కడ మారిందో తెలిసింది. మనిషి ఎక్కడికి పోయాడో తెలియదు. అది చూసి రావడానికి మైలారుడు లోపల కూర్చున్నాడు. ఎత్తుకోట చేరేలోగా సాక్ష్యంతో బయటపడాలి. అందాకా ఆ కొత్త బోయీ ఎవరో బయటికి పొక్కకూడదు. తెర తీసి రాయి కనబడ్డాక ఆమె ఒక్కతే వచ్చి నేనే తరళనంటే, 'రాకుమారి ఆ రాయి, ఇది ఆమె రూపం దొంగిలించిన పిశాచి' అనడానికి భస్మాక్షుడికి ఒక్క ఊపిరి చాలు. భటులు ఈటెలు ఎత్తడానికి ఇంకొక ఊపిరి.

* * *

కన్నులమ్మ గుడి కొండను ఆనుకుని ఉంది. గోడ అంటూ వేరే లేదు, కొండే గోడ. అమ్మవారికి ఒళ్లు లేదు. రాతిలో చెక్కిన రెండు పెద్ద కళ్లు, వాటికి పచ్చలు పొదిగారు. గుగ్గిలం పొగ ఆ కళ్ల కింద నుంచి కారుతున్నట్టు దిగుతోంది.

ఇక్కడ చూపు దించడమని ఒక ఆచారం. పట్టం కట్టుకోబోయేవాడిని అమ్మ ఒంటరిగా చూడాలి. పల్లకిని కళ్ల ఎదుట దించి, బోయీలు, భటులు, గురువు అందరూ ఎదురుకొండ వైపు తిరిగి తలపాగా చెరుగు కళ్లకు కట్టుకోవాలి. అమ్మ చూపు ముగిసిందని పూజారిణి వచ్చి వీపు తట్టాలి. అప్పుడే తిరగాలి. తెర మాత్రం ఎత్తుకోట దాకా తీయకూడదు.

పల్లకి దించారు. అందరూ తిరిగారు. తరళ కూడా తిరిగి కళ్లు కట్టుకుంది. ఆమె తండ్రి ఈ చోటు దాకా మనిషిగానే వచ్చాడు.

మైలారుడు చింతపండు పిసికిన తడిగుడ్డ ముక్కుకు అదిమి పట్టాడు. గుగ్గిలంలో ఉమ్మెత్త వాసన ఉంది. తల తిరిగింది కానీ పడిపోయేంత కాదు. పడిపోయినట్టు మాత్రం పడ్డాడు.

అమ్మవారి కళ్ల కింద బండ పక్కకు జరిగింది. ఇద్దరు గుండువాళ్లు వచ్చారు. రాగికుండల్లాంటి తలలు, నాలుక లేని నోళ్లు. ఒకడు రాయిని చంటిబిడ్డలా ఎత్తుకొచ్చాడు. ఇంకొకడు మైలారుణ్ణి చంకల కింద పట్టి లాగాడు. ఒక్క క్షణం వాడి మొహం నలిగింది. రాకుమారి ఇంత బరువా అనుకుని ఉంటాడు. అయినా లాగాడు. చెప్పిన పని చేసేవాళ్లు బరువు గురించి అడగరు.

రాయి పల్లకిలోకి పోయింది, మనిషి పల్లకిలోంచి కొండలోకి పోయాడు. బండ మూసుకుంది.

పూజారిణి వీపులు తట్టింది. బోయీలు వంగి కొమ్ముల కింద భుజాలు పెట్టి లేచారు. లేవగానే కాటయ్య కాలు తడబడింది. పల్లకి పూలబుట్టంత తేలిగ్గా ఉంది. పోతుబోయి కళ్లలో నీళ్లు తిరిగాయి. వీపు మీద మచ్చలు పడిన ఇన్నేళ్లకు భుజం మాట గెలిచింది. కానీ నోరు తెరవకూడదు. పల్లకి తేలికైందని నడకలో కూడా తెలియకూడదు.

"మోయండిరా," అన్నాడు. "బరువుగా మోయండి."

బోయీలు ముక్కుతూ మూలుగుతూ నడిచారు. వెనక నల్లగుర్రం మీద భస్మాక్షుడు కళ్లకున్న గుడ్డ మెల్లగా విప్పుకున్నాడు.

* * *

కొండలోపల శబ్దం బతికే ఉంది. ముందు మైలారుడికి వాగు హోరు వినబడింది. తర్వాత తన చెవికమ్మల గలగల.

గుండువాడు ముసుగు తొలగించి చూశాడు. చీరలో మీసం కనబడింది. వాడు ఇంకా ఆశ్చర్యపోవడం పూర్తిచేయకముందే మైలారుడు తలతో వాడి గడ్డం కింద కుమ్మాడు. వాడు వెల్లకిలా వాగులో పడి కొట్టుకుపోయాడు. రెండోవాడు గద ఎత్తాడు. మైలారుడు కుచ్చిళ్లు లాగి చీరను వాడి తల మీదికి విసిరి, కొసలు ముడేసి, ఒక్క తాపు తన్నాడు. వాడు చీరతోనే చీకట్లోకి పరుగెత్తాడు. గోడకు గుద్దుకున్న చప్పుడు ఒకటి వచ్చింది. మళ్లీ ఏ చప్పుడూ రాలేదు.

బండను కదిలించే గొలుసు అక్కడే వేలాడుతోంది. లాగితే బయటపడొచ్చు. కానీ వట్టి చేతులతో పోతే ప్రయోజనం లేదు. మైలారుడు కమ్మలు పీకి పారేసి, నడుముకు గోచీ బిగించి లోపలికి నడిచాడు.

వాగు వెంట పోయి పోయి ఒక పెద్ద గుహలోకి వచ్చాడు. అలాంటి చోటు కుంభగిరి రాజులు కట్టలేరు. పటికరాతి స్తంభాలు నేల నుంచి మొలిచి, పైనుంచి వేలాడి, నడుమ ఒకదానినొకటి ముద్దుపెట్టుకున్నట్టు కలిశాయి. నూనె లేని నీలిదీపాలు వాటి లోపల వెలుగుతున్నాయి. పైకప్పు నుంచి నల్లతామర మొగ్గ ఒకటి తలకిందులుగా దిగి ఉంది. దాని కొన నుంచి చుక్క చుక్కగా ఏదో వెండిపాత్రలో పడుతోంది. మొగ్గ కింద నేలలోకి పాతిన నాలుగు రాగిపీటలు. మూడింటి మీద మనుషులు కూర్చుని ఉన్నారు. ముగ్గురి నడినెత్తి నుంచీ దారమంత పొగ లేచి మొగ్గలోకి పోతోంది.

మొదటి పీట మీదివాడు ఎండిన కొబ్బరిమట్టలా ఉన్నాడు. కళ్లు తప్ప ఏమీ కదలడం లేదు. రెండోవాడు కళ్లు మూసుకుని ఉన్నాడు. మూడోవాడికి జుట్టంతా తెలుపు, గడ్డం బొడ్డు దాకా ఉంది. మైలారుణ్ణి చూసి తల ఎత్తాడు.

మైలారుడు వంగి దండం పెట్టాడు. "మీరు రుద్రసేన మహారాజులేనా దొరా?"

ముసలివాడు అతణ్ణి కాసేపు చూశాడు. "అవును," అన్నాడు. "నువ్వెవరు?"

"మిమ్మల్ని మోసిన పోతుబోయి మేనల్లుణ్ణి. ఆయప్ప ఇంకా మీ పేరు చెప్పుకొని ఏడుస్తాండాడు."

"మంచివాడు, బాగా మోశాడు. నా బిడ్డ ఎలా ఉంది?"

"తరళమ్మకు ఏమీ కాలేదు దొరా. మేముండంగా ఎట్లయితాది?"

"తరళ," అన్నాడు ముసలివాడు, ఆ మాట రుచి చూస్తున్నట్టు. "పల్లకిలో వస్తోందా?"

"పల్లకిలో వచ్చింది నేను. ఆయమ్మ మొహానికి మసి పూసుకుని బోయీల్లో నడుస్తాంది. నీళ్లతిత్తి మోసే కొత్తోడు ఆయమ్మే. లెయ్యండి దొరా, పోదాము. మీరొచ్చి ఇది నా కూతురని ఒక్క మాటంటే చాలు. గురువు నోరు మూతపడుతాది."

ముసలివాడు లేవలేదు. పీట అంచు చూపించాడు. అతని తొడలు రాగిలోకి అతుక్కుని ఉన్నాయి.

"ఇది మనిషిని వదలదు నాయనా. ఇక్కడ కూర్చున్నవాడి ఆయుష్షు పైకి పోతుంది, అది గురువు తాగుతాడు. పీట ఖాళీ అయిన క్షణం అతని వేలి ఉంగరం కాలుతుంది. ఇంకొకడు వచ్చి కూర్చుంటేనే ఉన్నవాడిని వదులుతుంది. నన్ను మరిచిపో. నీ దారిన నువ్వు పో."

వేరేవాడైతే ఇక్కడ ఆలోచించేవాడేమో. మైలారుడికి ఇందులో వింత కనబడలేదు. కొత్త భుజం కిందికి వచ్చాకే పాత భుజం తప్పుకుంటుంది. కొండ ఎక్కేటప్పుడు, ఏరు దాటేటప్పుడు బోయీలు రోజూ చేసే పని. అలసినవాడు అడగడు, పక్కవాడే వచ్చి భుజం పెడతాడు. అడిగించుకుంటే వాడు బోయీ కాడు.

"జరగండి దొరా," అన్నాడు. "పొద్దు పోతాంది. ఆడ ఆ తల్లి ఎండలో నడుస్తాంది."

"వద్దు నాయనా, వయసులో ఉన్నవాడివి."

"మీరు పోయి ఆయమ్మను కాపాడుకోండి. మా మామను పంపించండి, గడ్డపార తీసుకొని వస్తాడు. అంతవరకు నేను మోస్తా."

ముసలివాడు పక్కకు ఒరిగాడు. మైలారుడు ఆ సందులో కూర్చున్నాడు. రాగి చల్లగా తగిలింది, తర్వాత వెచ్చగా, తర్వాత తన ఒళ్లే అయినట్టు ఏ తేడా లేకుండా పోయింది. నడినెత్తి జివ్వుమంది.

ముసలివాడు లేచాడు. నడుము పట్టుకోలేదు. మోకాలి మీద చెయ్యి ఆనించుకోలేదు. గొలుసు ఎక్కడుందని అడగలేదు. మొదటి పీట వైపు గానీ రెండో పీట వైపు గానీ చూడకుండా, వాగు వెంట బండ ఉన్న వైపే పరుగెత్తాడు. గడ్డం భుజం మీదుగా వెనక్కి ఎగిరింది.

మొదటి పీట మీది మనిషి పెదవులు విడిపోవడానికి చాలాసేపు పట్టింది. మాట్లాడి ఎన్నేళ్లయిందో, మాట దుమ్ములా రాలింది.

"ఎవరనుకుని లేపావు వాణ్ణి?"

మైలారుడు తిరిగి చూశాడు. ఆ ఎండిన మొహంలో కళ్లు మాత్రం రాజువే. అవి ఉగ్రసేనుడి కళ్లని చెప్పనక్కరలేదు, సభలోని పటంలో అవే ఉన్నాయి.

"మీ చిన్నకొడుకును, దొరా."

"రుద్రుడు ఈ పీట మీద ఎప్పుడూ కూర్చోలేదు."

"మరి ఆయప్ప?"

"గురువు శిష్యుడు, కపిలుడు. ఈ పాత్రలోది దొంగతనంగా తాగాడని కూర్చోబెట్టాడు. గురువు చేత మళ్లీ మంచివాడు అనిపించుకోవడానికి చేతిలో ఒక కబురు పడాలని కాచుకుని ఉన్నాడు." ఉగ్రసేనుడు ఊపిరి కోసం ఆగాడు. "నువ్వు ఇచ్చావు."

మైలారుడు బండ వైపు తల తిప్పాడు. నీళ్లతిత్తి మోసే కొత్తోడు. తన నోటితో తానే చెప్పాడు.

"అట్లైతే రుద్రసేన మహారాజులు ఏమైనారు దొరా? పల్లకిలో నుంచి దించింది నిజమే కదా?"

"దించారు. ఆ బండ దాకా తెచ్చారు. ఇక్కడికి మాత్రం రాలేదు. ఏమయ్యాడో గురువుకే తెలియక ఇన్నేళ్లుగా వెతికిస్తున్నాడు. నాకూ తెలియదు."

దూరంగా గొలుసు గరగరమంది. పగటివెలుతురు ఒక పాయ గుహలోకి వచ్చి మైలారుడి మోకాళ్ల దాకా పాకింది. కపిలుడు బయటపడ్డాడు. ఇక ఎత్తుకోట దాకా పోనక్కరలేదు. పల్లకి వెనక నల్లగుర్రాన్ని అందుకుంటే చాలు.

మైలారుడు పీట అంచులు పట్టుకుని లేవబోయాడు. తొడలు రాలేదు. ఇంకోసారి లాగాడు. చర్మం చీలింది కానీ రాగి వదల్లేదు.

"ఆగు," అన్నాడు ఉగ్రసేనుడు. "నేనూ అలాగే లాగాను. అది మనిషిని వదలదు."

"వదలకపోతే పానీలే దొరా," అన్నాడు మైలారుడు.

పాదాలు దూరంగా వేసి నేలకు ఊనాడు. వీపు వంచాడు. కొమ్ము లేపేటప్పుడు పట్టినట్టు ఊపిరి బిగపట్టి మెల్లగా పైకి లేచాడు. మెడనరాలు తాళ్లలా ఉబ్బాయి. పీట కింద నేల టక్కుమంది. పటికరాతిలో పగులు ఒకటి పాములా పరుగెత్తి స్తంభం ఎక్కింది. రాగిపీట నాలుగు వేర్లతో సహా నేల నుంచి పెకలి వచ్చింది.

రెండో పీట మీది విమలసేనుడు మొదటిసారి కళ్లు తెరిచాడు.

పీట నడుముకు అతుక్కునే ఉంది. నెత్తి మీది పొగ తెగకుండా దారంలా సాగుతోంది. గూనివాడిలా ఒంగి, గుహ అంత బరువును మోసుకుంటూ, మైలారుడు వెలుతురు వచ్చిన వైపు కాలు కదిపాడు. మొదటి అడుగుకు మీసం నెరిసింది. అతడు రెండో అడుగు వేశాడు.